ఎడారిలో గ్రూప్ క్యాంపింగ్ ప్లాన్ చేస్తున్నారా? సామాన్ల లిస్టు తర్వాత, ముందు నీళ్ళ లెక్క వెయ్యండి

మీరు అడిగింది ఇదీ: పది మంది ఫ్రెండ్స్, రెండు ఎస్‌యూవీలు, నాలుగు పగళ్ళు మూడు రాత్రులు, కరెంటు కుళాయి సిగ్నల్ ఏవీ లేని చోట ఎడారిలో టెంట్లు వేసుకుని ఉండాలి, అందరూ కొత్తవాళ్ళే, ఏమేం కొనాలో లిస్టు ఇవ్వండి అని. సామాన్ల గురించి కూడా చెప్తా గానీ మొదలెట్టాల్సింది అక్కడ కాదండీ. ఏళ్ళ తరబడి గ్రూపుల్ని ఎడారిలోకి తీసుకెళ్తున్న అనుభవంతో చెప్తున్నా, ఎంత మంది వెళ్ళాలి, ఎన్ని రోజులు ఉండాలి, ఎన్ని బండ్లు కావాలి అనే మూడు ప్రశ్నలకీ జవాబు నీళ్ళ దగ్గరే ఉంటుంది. చాలామంది ముందు డేట్లు ఫిక్స్ చేస్తారు, వాట్సాప్ గ్రూపు పెడతారు, వస్తానన్న ప్రతివాళ్ళనీ కలుపుకుంటారు, టెంట్లు లైట్లు కుర్చీలు అన్నీ అయ్యాక ఆఖర్న "నీళ్ళ క్యాన్లు కూడా కొన్ని వేసుకుందాం" అంటారు. ఆ "కొన్ని" అనే మాట దగ్గరే ట్రిప్పులు పాడవుతాయి.

లెక్క ఇలా వెయ్యండి. చలికాలంలో, మరీ ఎండలు లేని రోజుల్లో కూడా తాగడానికే మనిషికి రోజుకి 4 లీటర్లు పెట్టుకోవాలి, వంటకి ఇంకో లీటరు, చేతులు మొహం గిన్నెలకి ఇంకో లీటరు, మొత్తం 6. ఇందులో స్నానాలు లేవు, అది అందరికీ ముందే చెప్పెయ్యండి. పది మందికి నాలుగు రోజులకి 240 లీటర్లు. బండి ఆగిపోయి ఇంకో రెండు రోజులు అక్కడే ఉండాల్సొస్తే ఎలా అని రిజర్వు పెట్టుకోవాలి కదా, కడుక్కోడాలు మానేసి మనిషికి రోజుకి 5 చొప్పున అది ఇంకో 100. మొత్తం 340 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు, ఖాళీ క్యాన్ల బరువు కూడా కలుపుకుంటే 360 కిలోల దాకా తేల్తుంది. ఇప్పుడు మీ బండి మాన్యువల్ తీసి పేలోడ్ (మనుషులు, సామాన్లు కలిపి బండి మోయగల బరువు) ఎంత రాశాడో చూడండి, మోడల్‌ని బట్టి మారుతుంది, ఉదాహరణకి 550 కిలోలు అనుకుందాం. ఒక్కొక్కరు 70 చొప్పున ఐదుగురు 350, నీళ్ళలో సగం 180, అక్కడికే 530 అయిపోయింది. మిగిలిన 20 కిలోల్లో టెంట్లు, పరుపులు, తిండి, స్టవ్వులు, ఎక్స్‌ట్రా పెట్రోలు, పార, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్, మెడికల్ కిట్టు ఇవన్నీ పట్టాలి. పట్టవు. పట్టించారే అనుకోండి, ఓవర్‌లోడ్ అయిన బండి మెత్తటి ఇసుకలో కొద్ది దూరం పోకుండానే దిగబడుద్ది, దాన్ని తవ్వి తీసేటప్పుడు మనుషులు మామూలుకంటే ఎక్కువ నీళ్ళు తాగుతారు, అంటే మీ లెక్క మొదటి రోజే తప్పింది.

అంచేత మీ ముందు మూడు దారులున్నాయి. పది మందీ రావాలంటే మూడో బండి కావాలి, అప్పుడు ఒక్కో బండికి దాదాపు 195 కిలోలు సామాన్లకి మిగుల్తాయి. రెండు బండ్లే అంటే ఏడుగురికి కుదించండి, నీళ్ళు క్యాన్లతో కలిపి 252 కిలోలకి దిగుతాయి, బండికి 180 కిలోల దగ్గర మిగుల్తుంది. మూడోది, రోజులు తగ్గించడం, కానీ రిజర్వు తగ్గదు, మనుషుల బరువూ తగ్గదు కాబట్టి దానివల్ల అనుకున్నంత ఒరగదు. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఏడెనిమిది మంది, కుదిరితే మూడు బండ్లు మంచిది, ఎందుకంటే ఒక బండి పాడైతే అందరూ మిగతా రెండిట్లో సర్దుకుని బయటికి రావచ్చు. ఒక్క బండితో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వెళ్ళొద్దు, ఎంత మంచి బండైనా సరే.

ఇంకోటి, ఆ 4 లీటర్ల లెక్క చల్లటి నెలలకే. పగటి ఎండ 38, 40 దాటే రోజుల్లో తాగడానికే 6 నుంచి 8 లీటర్లు కావాలి, ఎండలో కష్టపడి పనిచేసే మనిషికి గంటకి లీటరు పైగా చెమట పోతుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టిన వెంటనే ఆరిపోద్ది, చొక్కా తడవదు, దాంతో మనకి చెమటే పట్టట్లేదు అనుకుంటారు జనం. గాలి వేడి ఒకటి, నేల వేడి ఇంకోటి. ఇరాన్‌లోని లూత్ ఎడారిలో 2005లో శాటిలైట్ కొలిచిన నేల ఉష్ణోగ్రత 70.7 డిగ్రీలు, గాలిలో రికార్డేమో అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7. వెదర్ యాప్‌లో కనపడే నంబరు నీడలో, నేలకి మనిషెత్తున కొలిచింది, మీరు పడుకునేది కూర్చునేది నేల మీద. ఎండాకాలం ట్రిప్పు అయితే నా సలహా ఒక్కటే, వెళ్ళొద్దు, చలికాలం దాకా ఆగండి.

నీళ్ళు ఎలా తీసుకెళ్ళాలో కూడా ముఖ్యమే. ఒకే పెద్ద ట్యాంకు వద్దు, అది లీకైతే మొత్తం పోయినట్టే. 20 లీటర్ల క్యాన్లు అయితే ఒక మనిషి ఎత్తగలడు, అన్ని బండ్లకీ సమానంగా పంచండి, రిజర్వు క్యాన్ల మూతలకి టేపు చుట్టి వేరేగా పెట్టండి. టాప్ మీద పెట్టొద్దు, చాలా బండ్లకి రూఫ్ మీద 75 నుంచి 100 కిలోలకి మించి పెట్టకూడదు, పైగా బరువు పైనుంటే దిబ్బ వాలు మీద అడ్డంగా పోయేటప్పుడు బండి పల్టీ కొడుతుంది. బండి లోపల కింద, వెనక సీట్ల దగ్గర, కదలకుండా బెల్టులతో కట్టాలి. పెట్రోలు క్యాన్లు నీళ్ళ క్యాన్లు వేర్వేరు రంగులవి కొనండి, చీకట్లో పొరపాటు జరక్కూడదు. ఇవి కాక ప్రతి మనిషి దగ్గర రెండు మూడు లీటర్లు పట్టే సొంత సీసా, పేరు రాసి, బండి దిగి ఎటెళ్ళినా చేతిలో ఉండాలి.

గ్రూపులో ఒకర్ని నీళ్ళకి ఇంచార్జి చెయ్యండి, నెమ్మదస్తుడైనా పర్లేదు గానీ మొహమాటస్తుడు వద్దు. రోజూ సాయంత్రం క్యాన్లు చూసి ఎన్ని లీటర్లు మిగిలాయో అందరికీ చెప్పాలి. రెండో రోజు సాయంత్రానికి రిజర్వు కాకుండా మిగిలిన నీళ్ళు సగానికంటే తగ్గాయంటే మూడో రాత్రి ఉండకుండా మర్నాడే బయల్దేరాలి, ఈ మాట ఇంటి దగ్గరే అనుకోవాలి, అక్కడికెళ్ళాక అనుకుంటే ఒకళ్ళు ఉందామంటారు ఒకళ్ళు వద్దంటారు. ఇంకో సంగతి, నీళ్ళు దాచుకుందామని దాహం ఓర్చుకుంటూ గుక్కెడు గుక్కెడు తాగడం తప్పు. నీళ్ళు క్యాన్‌లో ఉండి మనిషి వడదెబ్బతో పడిపోతే ఆ పొదుపు దేనికి. అలాగని గటగటా తాగించడమూ తప్పే, గంటకి లీటరున్నర దాటించొద్దు, ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకా తాగించేస్తారు. మనిషికి రోజుకి ఒకటి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. అయిపోతే లీటరు నీళ్ళలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి, చిన్న టీ చెంచాతో, ఉప్పు మాత్రం ఎక్కువ కాకూడదు.

ఇక మనుషుల సంగతి. నేనైతే సామాన్లకంటే దీనికే ఎక్కువ టైమ్ పెడతా. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి, ఫోన్లో కాదు, ఎదురెదురుగా. ఎవరికి బీపీ ఉంది, షుగర్ ఉంది, ఆస్తమా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, దేనికి ఎలర్జీ, అందరి ముందూ చెప్పడం ఇబ్బంది అయితే మందుల ఇంచార్జికి విడిగా చెప్పాలి. ఇది కుతూహలం కోసం అడగట్లేదు, ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు, కొన్ని ఎలర్జీ మాత్రలు, మానసిక ఆరోగ్యానికి వాడే కొన్ని మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి, అలాంటివాళ్ళు డాక్టర్ని అడిగి రావాలి, సొంతంగా మాత్రలు మానెయ్యకూడదు. ఇన్సులిన్ వేడికి పాడవుద్ది, డ్యాష్‌బోర్డులో గానీ బ్యాగు పై జేబులో గానీ పెట్టకూడదు, ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకట్టినా పనికిరాదు. మందులు ఎవరివైనా సరే రెండు భాగాలు చేసి రెండు బండ్లలో పెట్టండి.

పనులు పంచేటప్పుడు "అందరం కలిసి చూసుకుందాం" అనొద్దు, అలా అన్న పని ఎవరూ చెయ్యరు. దారి చూసేది ఒకరు, నీళ్ళు ఒకరు, మందులు ఒకరు, వంట ఇద్దరు, బండి రికవరీ సామాన్లు (దిగబడ్డ బండిని బయటికి తీసేవి) ఒకరు, కమ్యూనికేషన్ ఒకరు, ప్రతిదానికీ ఇంకొకరు స్టెప్నీగా తెలిసి ఉండాలి. ఓఆర్ఎస్ ఏ బ్యాగులో ఉంది, శాటిలైట్ డివైస్‌లో సాయం కోసం సంకేతం పంపే ఎస్ఓఎస్ బటన్ ఎలా నొక్కాలి అన్నది ప్రతి ఒక్కరికీ తెలియాలి, ఎందుకంటే పడిపోయేది ఇంచార్జే అవ్వచ్చు. వెనక్కి తిరగడం గురించి ఒక రూలు పెట్టుకోండి: గ్రూపులో ఏ ఒక్కరు "నాకు బాలేదు, వెనక్కి పోదాం" అన్నా తిరిగిపోవడమే, ఓటింగ్ లేదు, దెప్పడాలు లేవు. పది మంది ఉన్నప్పుడు ఒంట్లో బాలేనివాడు ట్రిప్పు నావల్ల చెడిపోద్దేమోనని నోరు మూసుకుంటాడు, గ్రూపు ట్రిప్పుల్లో నాకు అన్నిటికంటే భయం వేసేది అదే. డబ్బు విషయం కూడా అప్పుడే తేల్చెయ్యండి, బండికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, మధ్యలో మానేసినవాళ్ళ వాటా ఏంటి అని.

బయట ఒక నమ్మకమైన మనిషికి కాగితం మీద ప్లాన్ రాసి ఇవ్వాలి. ఎవరెవరు, ఏ బండ్లు, నంబర్లు, ఏ దారిన పోయి ఎక్కడ రాత్రి ఉంటారు, వాటి జీపీఎస్ కోఆర్డినేట్లు, బయటికి ఎప్పుడు వస్తారు, ఏ టైమ్ దాటితే రెస్క్యూకి ఫోన్ చెయ్యాలి, ఏ నంబరుకి. ఆ "దాటితే" టైమ్ చాలా ముఖ్యం, అది లేకపోతే వాళ్ళు ఇంకో పూట చూద్దాం, ఇంకో రోజు చూద్దాం అని కూర్చుంటారు. మధ్యలో ప్లాన్ మార్చి వేరే చోట క్యాంప్ వేస్తే మెసేజ్ పంపాలి, పంపలేకపోతే మార్చకూడదు. పర్మిషన్ల గురించి క్లుప్తంగా: రక్షిత ప్రాంతాలు, సరిహద్దు ప్రాంతాలు, ప్రైవేటు భూములు, డ్రోన్లు, వీటన్నిటికీ స్థానిక అధికారుల దగ్గర ముందే కనుక్కోండి, ఎడారి ఖాళీగా కనపడుద్ది గానీ ఎవరిదీ కాకుండా ఉండదు.

కమ్యూనికేషన్‌కి ఫోన్ సిగ్నల్ మీద ఒక్క శాతం కూడా ఆధారపడొద్దు. రెండు దారులున్నాయి, ఒకటి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్, అది ఇరిడియం శాటిలైట్ల ద్వారా రెండు వైపులా మెసేజ్‌లు పంపుద్ది, రెండోది పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్), 406 మెగాహెర్ట్జ్ మీద కోస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ రెస్క్యూ శాటిలైట్ వ్యవస్థకి ప్రమాద సంకేతం మాత్రం పంపుద్ది. గ్రూపుకైతే నేను మెసెంజరే అంటాను, ఎందుకంటే "బండి ఆగింది, మనుషులం బాగున్నాం, రేపు వస్తాం" అని చెప్పడానికీ "పాము కరిచింది, హెలికాప్టర్ కావాలి" అని చెప్పడానికీ తేడా ఉంది, బటన్ ఒక్కటే ఉంటే ఆ తేడా చెప్పలేం. అయితే జాగ్రత్త, ఇండియా లాంటి కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి డివైస్‌లు దగ్గర పెట్టుకోవడమే నేరం, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశం రూలు చూసుకుని కొనండి. బండికీ బండికీ మధ్య మాట్లాడుకోడానికి వాకీటాకీలు, వాటికీ లైసెన్స్ రూల్స్ ఉంటాయి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో కనీసం రెండు ఫోన్లలో డౌన్‌లోడ్ చెయ్యండి, ఒక కాగితం మ్యాపు, ఒక దిక్సూచి, అవి వాడటం వచ్చిన మనిషి.

బండ్లు నడిపేటప్పుడు: ఇసుకలోకి దిగేముందే టైర్ల గాలి తగ్గించాలి, దిగబడ్డాక కాదు. మామూలుగా 15 నుంచి 20 పీఎస్ఐ, టైరునీ బరువునీ బట్టి. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని బరువు ఎక్కువ మేర ఇసుక మీద పంచుకుపోద్ది, అందుకే మునగదు. ఆ గాలితో స్పీడు వద్దు, గబుక్కున స్టీరింగ్ తిప్పొద్దు, టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది, తిరిగి గట్టి రోడ్డెక్కేముందు గాలి నింపాలి, కాబట్టి మంచి కంప్రెసర్ ఉండి తీరాలి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కుతూ ఉండొద్దు, ఇంకా లోతుకి పోద్ది, దిగి, చక్రాల ముందు ఇసుక తవ్వి, రికవరీ బోర్డులు (చక్రాలకి పట్టు దొరికే పలకలు) పెట్టి మెల్లగా రండి. తాడుతో లాగేటప్పుడు బండికి రేటింగ్ ఉన్న రికవరీ పాయింటుకే కట్టాలి, వెనకాల ట్రైలర్ తగిలించే గుండు ఉంటుంది కదా, దానికి కట్టకూడదు, అది విరిగి బుల్లెట్‌లా వచ్చి మనుషుల్ని చంపిన సంఘటనలున్నాయి. తాడు బిగిసి ఉన్నప్పుడు దాని దగ్గర ఎవరూ నిలబడొద్దు. ఇసుకలో పెట్రోలు రోడ్డు మీదకంటే చాలా ఎక్కువ తాగుద్ది, ఒకటిన్నర రెట్లు లెక్కేసుకుని దానిమీద రిజర్వు పెట్టండి. వరసలో పోయేటప్పుడు ప్రతి డ్రైవరూ తన వెనక బండిని అద్దంలో చూసుకుంటూ పోవాలి, మలుపు దగ్గర వెనకవాడు కనపడేదాకా ఆగాలి, ఈ ఒక్కటి పాటిస్తే బండ్లు విడిపోవు. చీకట్లో గానీ నడినెత్తి ఎండలో గానీ దిబ్బలు ఎక్కొద్దు, నీడలు ఉండవు కాబట్టి దిబ్బ అంచు ఎక్కడో అవతల లోతెంతో తెలీదు.

క్యాంప్ వేసే చోటికి పొద్దుగూకడానికి కనీసం రెండు గంటల ముందు చేరుకోవాలి. చోటు ఎంచేటప్పుడు చదునుగా, మెత్తగా, గాలి తగలకుండా బాగుంది కదా అని ఎండిపోయిన వాగులో వెయ్యొద్దు, ఎంతమంది చెప్పినా జనం వేసేది అక్కడే. ఆ వాగు చదునుగా ఉన్నది నీళ్ళు పారే. వాన మీ నెత్తిన పడక్కర్లేదు, ఎక్కడో పై కొండల్లో పడితే చాలు. ఆరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 1997 ఆగస్టు 12న 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయారు, వాళ్ళున్న చోట వాన దాదాపు లేదు, పది కిలోమీటర్లకి పైగా ఎగువన పడ్డ వాన ఒక్కసారిగా వచ్చేసింది. కాబట్టి వాగుకి ఎత్తున, గట్టి గులకనేల మీద వెయ్యండి, దిబ్బల శిఖరం మీద వద్దు, గాలికి నిలవదు. బండ్లని గాలి వచ్చే వైపు వరసగా పెడితే అడ్డుగా పనికొస్తాయి.

టెంటు మేకులు ఇసుకలో ఆగవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, ఒక మూరెడు లోతున అడ్డంగా పాతిపెడితే ఎంత గాలికైనా కదలదు. తమంతట తాము నిలబడే టెంట్లే కొనండి. పగలు టెంట్లో ఉండలేరు, లోపల ఉక్క చంపేస్తుంది, అందుకని అందరూ కూర్చోడానికి ఒక పెద్ద నీడ పరదా కావాలి, నన్నడిగితే టెంటుకంటే అదే ముఖ్యం. రాత్రి మాత్రం దీనికి పూర్తిగా రివర్స్, మబ్బు, తేమ ఉండవు కాబట్టి నేల వేడంతా ఆకాశంలోకి పోద్ది, పగలు 28 ఉన్నచోట తెల్లారుజామున 5 డిగ్రీలు, ఇంకా కిందికి కూడా దిగుద్ది. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు "కంఫర్ట్" (ఎంత చలి దాకా హాయిగా నిద్రపోవచ్చో ఆ డిగ్రీలు) అని రాసిన నంబరు చూడండి, "లిమిట్", "ఎక్స్‌ట్రీమ్" అని రాసినవి కాదు. కింద మంచి మ్యాట్ లేకపోతే బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా నేల చలి లాగేస్తుంది. చలేస్తోందని నిప్పు కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ టెంట్లోకి తెచ్చుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోద్ది. చలి మంటకి ఎడారి చెట్ల ఎండు కొమ్మలు ఏరొద్దు, అక్కడ ఒక మొక్క ఎదగడానికి ఎన్నో ఏళ్ళు పడుద్ది, కట్టెలు మీరే తెచ్చుకుని ఇనప పళ్ళెంలో వేసుకోండి.

రాత్రిపూట క్యాంప్ నుంచి పక్కకి వెళ్ళిన మనిషి తిరిగి రాలేకపోవడం మీరనుకున్నంత అరుదు కాదు. అన్ని దిబ్బలూ ఒకలాగే ఉంటాయి, వంద అడుగులు పోయి రెండుసార్లు తిరిగితే దిక్కు పోద్ది. బండి పైన తెల్లారేదాకా వెలిగే ఒక దీపం పెట్టండి, లేచి వెళ్ళేవాళ్ళు ఒకర్ని తట్టి చెప్పి వెళ్ళాలి, ప్రతి మెడలో ఈల. దారి తప్పానని అనిపించిన క్షణం ఆగిపోవాలి, కూర్చోవాలి, మూడేసి సార్లు ఈల వెయ్యాలి. మనిషికంటే బండి పైనుంచి తొందరగా కనపడుద్ది కాబట్టి బండి ఆగిపోయినా ఇదే రూలు, బండి దగ్గరే ఉండాలి. 1994లో సహారాలో జరిగే మారథాన్ డే సాబ్ల్ పరుగులో ఇటలీ రన్నర్ మౌరో ప్రోస్పెరీ ఇసుక తుఫానులో ఆగకుండా ముందుకు పోయి దారి తప్పాడు, మొరాకోలో మొదలెట్టినవాడు తొమ్మిది పది రోజుల తర్వాత అల్జీరియాలో తేలాడు. ఆయన బాగా శిక్షణ ఉన్న అథ్లెట్, బతికాడు. తుఫాను వస్తే మీరు చెయ్యాల్సింది, టెంట్ల స్తంభాలు తీసి పడుకోబెట్టి పైన బరువు పెట్టడం, అందరూ బండ్లలోకి చేరడం, మనుషుల్ని లెక్కపెట్టడం, అంతే. దారిలో ఉంటే ట్రాక్ పక్కకి తీసి ఆపి లైట్లన్నీ ఆర్పండి, లైటు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు రోడ్డు అటే అనుకుని గుద్దేస్తాడు.

వడదెబ్బ గుర్తుపట్టడం అందరికీ రావాలి. తలనొప్పి, కళ్ళు తిరగడం, నీరసం అంటే నీడలో పడుకోబెట్టి ఓఆర్ఎస్ ఇవ్వండి, చాలావరకు సర్దుకుంటుంది. మాట తడబడుతోంది, పేరు అడిగితే తికమకపడుతున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది అంటే అది ప్రాణం మీదకొచ్చినట్టే, ఒంటి వేడి 40 దాటి ఉంటుంది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ప్రయాణం. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, గట్టిగా విసరాలి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి గుడ్డలు. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, పారాసిటమాల్ దీనికి పనిచెయ్యదు. రిజర్వు నీళ్ళు ఎందుకు అంత పెట్టమన్నానో ఇక్కడ తెలుస్తుంది, ఒక మనిషిని చల్లబరచడానికే ఒక క్యాన్ అవ్వచ్చు. పాము కరిస్తే కొయ్యడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏవీ చెయ్యొద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా చేసి ఆంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి, అది ఎక్కడుందో ముందే కనుక్కుని ప్లాన్ కాగితం మీద రాసుకోవాలి. తేళ్ళు అల్ట్రావయొలెట్ లైటులో మెరుస్తాయి, చిన్న యూవీ టార్చ్ ఉంటే పడుకునేముందు చుట్టూ చూసుకోవచ్చు, పొద్దున్నే బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు.

తిండి విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఒకే గిన్నెలో అయిపోయేవి, తక్కువ నీళ్ళతో ఉడికేవి, కూరగాయలు కడిగి కోసి ఇంటి నుంచే తెచ్చుకోండి, పాడయ్యేవి మొదటి రోజే తినెయ్యండి. నీళ్ళ సీసాలే గడ్డకట్టించి కూలర్లో పెడితే ఐసూ అవే, కరిగాక తాగే నీళ్ళూ అవే. వేడిలో ఆకలి చచ్చిపోద్ది, అందుకని మధ్యాహ్నం ఉప్పగా ఉండే చిరుతిండ్లు పెట్టండి. మందు వద్దనే అంటాను, తాగిన మనిషికి దాహం తెలీదు, చలి తెలీదు, దారీ తెలీదు.

కరెంటు ఫోన్లకి టార్చ్‌లకే అయితే పవర్ బ్యాంకులు చాలు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే దాదాపు 74 వాట్-అవర్లు. ఫ్రిజ్ పెట్టారంటే రోజుకి 400 నుంచి 600 వాట్-అవర్లు లాగుద్ది, అప్పుడు సోలార్ ప్యానెల్, పెద్ద బ్యాటరీ, మళ్ళీ బరువు. మొదటిసారికి ఫ్రిజ్ వద్దు. బ్యాటరీలు మాత్రం మూసిన బండిలో ఎండలో వదిలెయ్యకండి.

టాయిలెట్ గురించి ఎవరూ అడగరు, పది మంది నాలుగు రోజులంటే అది పెద్ద విషయం. ఎడారి నేలలో తేమ, సూక్ష్మజీవులు తక్కువ కాబట్టి కుళ్ళడం చాలా నెమ్మది. అన్నిటికంటే మంచిది సంచుల్లో కట్టి వెనక్కి తెచ్చెయ్యడం, పోర్టబుల్ టాయిలెట్లు దొరుకుతాయి. తవ్వాల్సొస్తే క్యాంప్‌కీ నీటి జాడలకీ వాగులకీ 60 మీటర్ల దూరంలో, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు, కాగితం సంచిలో వెనక్కి. కొన్ని ఎడారుల్లో నేల మీద నల్లగా గరుకుగా ఒక పెచ్చు కనపడుద్ది, అది బ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి కట్టిన ప్రాణమున్న పొర, ఇసుక ఎగిరిపోకుండా పట్టుకునేది అదే. ఒక అడుగు పడితే కోలుకోడానికి దశాబ్దాలు పట్టొచ్చు, దయచేసి ఉన్న దారుల మీదే నడవండి, బండ్లూ అంతే.

ఇవన్నీ చదివి ఒకేసారి నాలుగు రోజులకి వెళ్ళిపోకండి. ఒక నెల ముందు, అదే మనుషులు అదే బండ్లు, రోడ్డుకి దగ్గర్లో ఫోన్ సిగ్నల్ ఉన్న బహిరంగ చోట ఒక్క రాత్రి ఉండండి. అన్ని టెంట్లూ వెయ్యండి, టైర్ల గాలి తీసి మళ్ళీ నింపి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి, శాటిలైట్ డివైస్ నుంచి బయటి మనిషికి ఒక మెసేజ్ పంపి జవాబు వచ్చిందో లేదో చూడండి. సామాన్లన్నీ ఎక్కించి, మనుషులు కూర్చుని, నీళ్ళ క్యాన్లతో సహా బండిని వేబ్రిడ్జి మీద తూకం వెయ్యండి. మర్నాడు పొద్దున ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో రాసుకుని మనుషుల సంఖ్యతో భాగించండి, నేను చెప్పిన 6 కంటే ఎక్కువ వస్తే మీ గ్రూపుకి ఆ నంబరే వాడండి. అది ఎంతొచ్చిందో, బండి పేలోడ్ ఎంతో, ఏ నెలలో వెళ్తున్నారో చెప్తే ఎంతమందికి ఎన్ని బండ్లు సరిపోతాయో నేను లెక్కేసి చెప్తా.